'గ్యాస్ అయిపోయింది' అన్న మాటకు రుజువేది?

(మా గ్రామీణ విలేఖరి)

పల్నాటి ఎండ గురించి పల్నాటి వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. రాష్ట్రంలో నిప్పులు చెరిగే ఊళ్ళ పేర్లు చెప్పుకునేటప్పుడు మన రెంటచింతల పేరు ముందు వరుసలోనే ఉంటుంది. ఒకప్పుడు మనకు చల్లగాలి అంటే వేపచెట్టు కింద నులకమంచమే. ఏసీ మిషన్ పట్నంలో సినిమా హాల్లోనో, పెద్ద డాక్టరు గదిలోనో కనిపించేది. ఇవాళ అలా కాదు. మాచర్ల, గురజాల, వినుకొండ, సత్తెనపల్లి వైపు ఓ మోస్తరు పల్లెలో కూడా డాబా ఇళ్ళ గోడలకు ఏసీ పెట్టెలు వేలాడుతున్నాయి. మిర్చి అమ్మిన డబ్బుతో కొన్నవారు కొందరు. వాయిదాల మీద తెచ్చుకున్నవారు కొందరు. పరదేశంలో ఉన్న పిల్లలు పంపిన డబ్బుతో బిగించుకున్నవారు మరికొందరు. మంచాన పడ్డ ముసలివారి కోసమో, ఇంటికి వచ్చిన బాలింత కోసమో కొన్నవారే వీరిలో ఎక్కువ. కనుక దీన్ని విలాసమని తీసిపారేసే రోజులు పోయాయి.

మిషన్ వచ్చినంత వేగంగా దాన్ని బాగుచేసే పనితనం మాత్రం పల్లెకు రాలేదు. మే నెలలో ఏసీ చల్లబడకపోతే ఇంటాయన ఫోను చేస్తాడు. మెకానిక్ సాయంత్రానికి వస్తాడు. మిషన్ ఆన్ చేసి చెయ్యి పెట్టి చూస్తాడు. రెండు నిమిషాల్లో తీర్పు చెబుతాడు. "గ్యాస్ అయిపోయింది బాబాయ్, మూడున్నర వేలు అవుద్ది." లోపల ముసలమ్మ ఉక్కకు అల్లాడుతూ ఉంటుంది. బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు. డబ్బు చేతులు మారుతుంది. ఆ రాత్రికి గది చల్లబడుతుంది. నెల తిరక్కుండానే మళ్ళీ అదే ఉక్క, అదే మెకానిక్, అదే మాట.

ఈ మాటను ప్రశ్నించవలసిన సమయం వచ్చింది.

గ్యాస్ కిరసనాయిలు కాదు

మొదట ప్రజలు గ్రహించవలసిన సంగతి ఒకటుంది. ఏసీలో ఉండే గ్యాస్ దీపంలో కిరసనాయిలులాగా కాలిపోయేది కాదు, మోటారు సైకిల్లో పెట్రోలులాగా తరిగిపోయేదీ కాదు. మూతబిగించిన రాగి గొట్టాల్లో అది తిరుగుతూనే ఉంటుంది. లోపలి పెట్టెలో గదిలోని వేడిని పీల్చుకుంటుంది, బయటి పెట్టెలో ఆ వేడిని వదిలేస్తుంది, మళ్ళీ లోపలికి వస్తుంది. మన ఇళ్ళలో ఫ్రిజ్ పనిచేసేదీ ఇదే పద్ధతిలో. పదేళ్ళు, పదిహేనేళ్ళు ఒక్కసారి కూడా గ్యాస్ పట్టకుండా నడుస్తున్న ఫ్రిజ్‌లు ఎన్ని ఇళ్ళలో లేవు? మరి ఏసీకి మాత్రం ఏటేటా గ్యాస్ ఎందుకు అయిపోవాలి?

గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో ఒకచోట కారుతున్నదనే అర్థం. గొట్టాలు కలిపే నట్ల దగ్గర కారవచ్చు. తుప్పు పట్టిన కాయిల్‌లో సన్నని బెజ్జం పడి ఉండవచ్చు. ఆ కారుడు పట్టుకోకుండా గ్యాస్ నింపడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. నికార్సయిన మెకానిక్ ముందు గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కిస్తాడు. అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తాడు. సైకిలు ట్యూబు పంక్చరు నీళ్ళలో ముంచి చూసినట్టే ఇదీ. కారుడు కట్టిన తరువాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేస్తాడు. అప్పుడు గ్యాస్‌ను త్రాసు మీద తూచి నింపుతాడు. ఎన్ని గ్రాములు పట్టాలో, ఏ గ్యాస్ పట్టాలో బయటి పెట్టెకు అంటించిన రేకు మీదో, కాగితం మీదో కంపెనీవారే రాసి ఉంచుతారు. పాత మిషన్లలో ఆర్-22 అనే రకం ఉండేది. ఇప్పుడు వస్తున్నవాటిలో ఎక్కువగా ఆర్-32 ఉంటోంది. ఒకదానిలో పట్టేది మరొకదానిలో పట్టరాదు. పైగా ఆర్-32 కొంతవరకు మంటంటుకునే స్వభావం గలది. అటువంటి పనిచేసే చోట బీడీ కాల్చేవారిని దూరంగా ఉంచడం ఇంటివారి బాధ్యత.

త్రాసు లేదు, పంపు లేదు, సబ్బు నురగ లేదు. చంకన ఒక సిలిండరు, చేతిలో ఒక గేజి. అలా వచ్చిన మనిషి చెప్పిన రోగాన్ని నమ్మడం ఎంతవరకు సబబు?

చల్లబడకపోవడానికి వంద కారణాలు

గది చల్లబడకపోతే గ్యాస్ ఒక్కటే కారణం కాదు. అన్నిటికన్నా ముందు చూడవలసింది లోపలి పెట్టెలోని జాలీ. దాన్నే ఫిల్టర్ అంటారు. మన ప్రాంతంలో దుమ్ముకు కొదవ లేదు. పిడుగురాళ్ళ చుట్టుపక్కల సున్నం బట్టీల పొడి ఉంది. దాచేపల్లి వైపు నాపరాళ్ళ గనుల దుమ్ము ఉంది. మిరప కల్లాలు, పత్తి నూగు సంగతి సరేసరి. రెండు వారాలకు ఒకసారి ఆ జాలీ తీసి నీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టుకోవాలి. ఇది ఆడవారు, పిల్లలు సైతం చేసుకోగల పని, దీనికి పైసా ఖర్చు లేదు. జాలీ పూడుకుపోతే గాలి ఆడదు. గాలి ఆడకపోతే లోపలి కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది. గ్యాస్ తక్కువైనా మంచు కడుతుంది. ఆ మంచు చూపించి "ఇదిగో, గ్యాస్ లేదు" అని చెప్పే వారికి మన నిర్లక్ష్యమే పెట్టుబడి అవుతోంది.

రెండోది బయటి పెట్టె. వేడిని బయటికి వదిలేది అదే. దాని కాయిల్ నిండా దుమ్ము, నూగు పేరుకుంటే వేడి వదలలేదు. కొందరు దాని ముందే కట్టెలు, గోతాలు పేర్చుతారు. కొందరు డాబా మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో నీడ లేకుండా పెడతారు. గాలి ఆడేటట్టుగా కొంచెం నీడ చేస్తే మిషన్‌కు ఎంతో సుఖం.

మూడోది కరెంటు. రాత్రి ఏడు దాటితే చాలా ఊళ్ళలో ఓల్టేజి పడిపోతుందన్న సంగతి అందరికీ తెలిసిందే. 230 ఓల్టులు రావలసిన చోట 170, 180 వస్తే కంప్రెసర్ లేవలేక మూలుగుతుంది, ఆగిపోతుంది. లోపలి ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గాలి వస్తుంది గాని చలవ ఉండదు. అప్పుడు వైద్యం కావలసింది ఏసీకి కాదు, ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు. దానికి మెకానిక్ ఎందుకు? కరెంటు వారి 1912 నంబరుకు ఫిర్యాదు చేయాలి. పదిమంది కలిసి చేస్తే ఇంకా మంచిది.

నాలుగోది మన ఆశ. ఏసీని టన్ను, టన్నున్నర అంటారు. అది మిషన్ బరువు కాదు. ఒక టన్ను ఐసుగడ్డను 24 గంటల్లో కరిగించడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని అదే వ్యవధిలో గదిలో నుంచి లాగే శక్తిని టన్ను అంటారు. ఆ శక్తిని కంపెనీలు లెక్కకట్టేది బయట 35 డిగ్రీల వేడి ఉన్నప్పుడు. మనకు మే నెలలో 45 దాటుతుంది. అప్పుడు అదే మిషన్ అంత పని చేయలేదు. పైన రేకులు, పడమటి గోడకు ఎండ, తలుపు తీసి మూసే పిల్లలు. అటువంటి పెద్ద గదిలో టన్ను ఏసీ చతికిలబడితే అది జబ్బు కాదు. 16కు పెట్టినంత మాత్రాన గది తొందరగా చల్లబడదు. 24 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటే ఒంటికీ హాయి, బిల్లుకూ హాయి. స్టార్ గుర్తుగల గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల మీద ఉండాలని 2020 జనవరి నుంచి కేంద్రం నిబంధన పెట్టింది కూడా.

వందల్లో పోయేది వేలల్లోకి

గ్యాస్ తరువాత ఎక్కువగా వినిపించే మాటలు రెండు. ఒకటి "కంప్రెసర్ పోయింది". రెండోది "బోర్డు పోయింది". కంప్రెసర్ అంటే మిషన్‌కు గుండెకాయ. అది పోయిందంటే కొత్త ఏసీ ఖరీదులో పెద్ద భాగం పోయినట్టే. అయితే కంప్రెసర్ లేవకపోవడానికి చాలాసార్లు కారణం దాని పక్కన ఉండే చిన్న కెపాసిటర్. మన సీలింగ్ ఫ్యాను తిరగకపోతే మార్చే కండెన్సర్ ఉంటుందే, అటువంటిదే కాస్త పెద్దది. ఎండకు, ఓల్టేజి దెబ్బలకు అది ఉబ్బి పాడవుతుంది. దాని ఖరీదు వందల్లోనే. మీటరు పెట్టి చూస్తే అది బాగుందో లేదో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. అయితే దాన్ని ఇంటివారు ముట్టుకోరాదు. కరెంటు తీసేసినా అందులో షాకు నిలిచి ఉంటుంది.

ఇన్వర్టర్ ఏసీల్లో బోర్డు గొడవ ఎక్కువ. ఆ మిషన్లలో చాలావరకు లోపం వస్తే తెర మీద ఒక అక్షరమో అంకెనో చూపిస్తాయి. కొన్నిటిలో దీపం మిణుకుమంటుంది. దాని అర్థం ఏమిటో కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో గాని, కంపెనీవారి దగ్గర గాని దొరుకుతుంది. ఆ అంకెను కాగితం మీద రాసుకుని ఉంచిన ఇంటాయనతో మెకానిక్ మాట తీరే మారిపోతుంది.

మా మండలంలో ఒక కౌలు రైతు ఇంట జరిగిన సంగతి ఇక్కడ చెప్పవలసి ఉంది. పక్షవాతంతో పడుకున్న తల్లి కోసం ఆయన వాయిదాల మీద ఏసీ కొన్నాడు. మూడో వేసవిలో అది చలవ ఇవ్వడం మానేసింది. మొదట వచ్చినాయన గ్యాస్ అన్నాడు, నింపాడు, డబ్బు తీసుకున్నాడు. వారం తిరిగేసరికి మళ్ళీ అంతే. రెండోసారి వచ్చి కంప్రెసర్ పోయిందన్నాడు. పద్నాలుగు వేలు అడిగాడు. అప్పటికి మిర్చి అమ్ముడు కాలేదు. వడ్డీకి తేవాలా, మిషన్ పాత సామాను కింద అమ్మాలా అని ఆయన తల పట్టుకున్నాడు. ఇంతలో బంధువుల కుర్రాడు ఒకడు, ఐటీఐ చదివినవాడు, చూడటానికి వచ్చాడు. మీటరు పెట్టాడు. పాడైంది కెపాసిటర్. కొత్తది వేసి, దుమ్ముకొట్టుకుపోయిన బయటి కాయిల్ నీళ్ళతో కడిగాడు. మిషన్ లేచింది. ఖర్చు ఐదు వందల లోపు. ముందు పోసిన గ్యాస్ డబ్బు మాత్రం తిరిగి రాలేదు. బిల్లు లేదు కదా, ఏమని అడుగుతాడు?

తప్పు ఒక్క మెకానిక్‌దేనా?

ఇంతవరకు చదివి మెకానిక్‌లందరూ దొంగలని ఎవరైనా అనుకుంటే అది అన్యాయం. మండుటెండలో డాబా అంచున, మూడో అంతస్తు గోడకు వేలాడుతూ పనిచేసేది వారే. ప్రాణాలకు తెగించి చేసే పని అది. నిజాయితీగా చేసేవారు ప్రతి పట్నంలోనూ ఉన్నారు. మరి ఈ జబ్బు ఎక్కడ పుట్టింది?

మన దగ్గరా కొంత పుట్టింది. ఒక మెకానిక్ పాతిక కిలోమీటర్లు బండి మీద వస్తాడు. గంటసేపు చూస్తాడు. "మిషన్‌లో లోపమేమీ లేదు, జాలీ కడుక్కోండి, ఓల్టేజి తక్కువగా ఉంది" అని నిజం చెబుతాడు. మనం ఏమి చేస్తాం? "ఏమీ చేయలేదుగా, డబ్బులెందుకయ్యా?" అంటాం. మజ్జిగ ఇచ్చి పంపుతాం. పెట్రోలు ఖర్చు కూడా రాని ఆ మనిషి రెండో ఇంట్లో నిజం చెబుతాడా? చెప్పడు. అక్కడ గ్యాస్ అయిపోతుంది. నిజం చెప్పినవాడికి కూలి లేదు, అబద్ధం చెప్పినవాడికి మూడు వేలు. ఈ లెక్క మనమే రాసి పెట్టాము.

డాక్టరు దగ్గరికి పోతే మందు రాయకపోయినా చూసినందుకు ఫీజు ఇస్తాం. పశువుల డాక్టరుకూ ఇస్తాం. మిషన్ చూసినవాడికి ఎందుకు ఇవ్వం? చూసినందుకు ఇంత, పని చేస్తే ఇంత అని ముందే ఫోనులో మాట్లాడుకోవాలి. లోపం లేదని చెప్పినా ఆ చూపుకూలి మర్యాదగా చేతిలో పెట్టాలి. మూడు వందలో, నాలుగు వందలో అలా ఇచ్చిన ఇంట్లో మూడు వేల అబద్ధం చెప్పవలసిన అగత్యం మెకానిక్‌కు ఉండదు. చెబితే నిలదీసే హక్కు ఇంటివారికి ఉంటుంది. చూపుకూలి ఎగ్గొట్టి నిజం కావాలంటే ఎలా దొరుకుతుంది?

అడగవలసిన మాటలు

అడగడమంటే కొట్లాడటం కాదు. మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగానే అడగవచ్చు. నిజాయితీపరుడు ఈ ప్రశ్నలకు కోపగించుకోడు.

గ్యాస్ తగ్గిందంటే, "ఎక్కడ కారుతోంది అబ్బాయ్, చూపించు" అనాలి. ఎన్ని గ్రాములు పట్టిందో త్రాసు మీద చూపమనాలి. ఓల్టేజి ఎంత వస్తున్నదో ముందు మీటరు పెట్టి చూడమనాలి. కంప్రెసర్ పోయిందంటే, కెపాసిటర్ మార్చి చూశావా అని అడగాలి. తీసిన పాత సామాను ఇంట్లోనే వదిలి వెళ్ళమనాలి. వేసిన సామానుకు, పట్టిన గ్యాస్‌కు విడివిడిగా బిల్లు రాయించుకోవాలి. ఎన్నాళ్ళు హామీ అన్నది ఆ కాగితం మీదే రాయించాలి. వేల మాట వచ్చినప్పుడు "రేపు చెబుతాను" అని, రెండోవాడి చేత చూపించుకోవాలి. ఒక్క రాత్రి ఉక్క భరించడం కష్టమే గాని, పద్నాలుగు వేల అప్పు భరించడం అంతకన్నా కష్టం.

మెకానిక్ రాకముందే ఇంట్లో చేసుకోదగిన పరీక్ష కూడా ఒకటుంది. గాలి వేడి కొలిచే చిన్న థర్మామీటరు కొనుక్కోవాలి. జాలీ శుభ్రంగా కడిగి, తలుపులు మూసి, ఏసీని అన్నిటికన్నా తక్కువ డిగ్రీల మీద పావుగంట నడపాలి. లోపలి పెట్టె గాలి పీల్చే చోట ఒకసారి, చల్లగాలి వదిలే చోట ఒకసారి కొలవాలి. రెంటికీ సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే మిషన్ తన పని తాను చేస్తున్నట్టే లెక్క. అప్పుడు కూడా గది చల్లబడకపోతే లోపం గదిలో వెతకాలి. తేడా మూడు నాలుగు డిగ్రీలే ఉంటే మెకానిక్‌ను పిలవాలి. రెండు అంకెలూ కాగితం మీద రాసి అతనికి చూపాలి.

మిషన్ కొన్నప్పటి బిల్లు, గ్యారంటీ కార్డు పెట్టెలో భద్రంగా ఉంచాలి. చాలా కంపెనీలు కంప్రెసర్‌కు ఐదేళ్ళు, పదేళ్ళు గ్యారంటీ ఇస్తున్నాయి. ఆ సంగతి మరచి బయటివారికి వేలు పోసేవారు ఎందరో ఉన్నారు. కంపెనీవారి ఫోను నంబరు ఆ కార్డు మీద నుంచే తీసుకోవాలి. సెల్‌ఫోనులో వెతికితే దొరికే నంబర్లన్నీ కంపెనీవి కావు. వాటి వెనుక మోసగాళ్ళు కూడా కాచుకుని ఉంటున్నారు.

చట్టం మన వైపే ఉంది

బిల్లు అడిగితే "బిల్లు అయితే ఇంకో ఐదొందలు" అనేవారున్నారు. అమ్మిన వస్తువుకు గాని, చేసిన పనికి గాని బిల్లు ఇవ్వకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతుల్లో ఒకటి. ఈ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. చేసిన పనిలో లోపం ఉంటే రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి కమిషన్‌లో రుసుము లేదు. ప్లీడరును పెట్టుకోవలసిన అవసరమూ లేదు, మన గోడు మనమే చెప్పుకోవచ్చు. అంతకుముందు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించుకునే వీలుంది. అయితే వీటన్నిటికీ చేతిలో కాగితం ఉండాలి. నోటి మాటకు ఏ కమిషన్ మాత్రం ఏమి తీర్పు చెప్పగలదు?

ప్రభుత్వానిదీ బాధ్యత

ఐటీఐ చదువుల్లో రిఫ్రిజిరేషన్, ఏసీ మెకానిక్ అనే రెండేళ్ళ కోర్సు ఉంది. 2019లో కేంద్రం ప్రకటించిన చల్లదనపు ప్రణాళికలో లక్షమంది ఏసీ మెకానిక్‌లకు శిక్షణ ఇవ్వాలని రాసుకున్నారు. ఆ శిక్షణ నరసరావుపేట దాటి పల్లెదాకా రావాలి. మన జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. కొత్త జిల్లాకు కొత్త కార్యాలయాలు వచ్చాయి గాని, మండలానికి ఇద్దరు శిక్షణ పొందిన కుర్రవాళ్ళు, వారికి ఒక వాక్యూమ్ పంపు, ఒక త్రాసు ఏర్పాటు చేయడం అంతకన్నా కష్టమేమీ కాదు. చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలకు అది బతుకుతెరువు అవుతుంది. ఏసీలు అమ్మే షాపులవారు కూడా అమ్మిన రోజునే జాలీ కడగడం ఎలాగో, గ్యారంటీ దేనికి వర్తిస్తుందో తెలుగులో చెప్పి పంపాలి. సంబంధిత అధికారులు వేసవి ముదరక ముందే ఈ విషయంలో శ్రద్ధ చూపవలసి ఉంది.

అధికారులు చేసేదాకా ఆగనక్కరలేని పని మాత్రం మన చేతిలోనే ఉంది. విత్తనాలు కొనేటప్పుడు సంచి మీద అచ్చు చూస్తాం. మిర్చి తూచేటప్పుడు కాటా ముల్లు చూస్తాం. ఇంటికి వచ్చిన మెకానిక్ దగ్గర మాత్రం కళ్ళు మూసుకుని జేబు తెరవడం ఎందుకు? చూసినందుకు కూలి ఇద్దాం. చూపించిన లోపానికే డబ్బు ఇద్దాం. ఈ రెండూ ఊరూరా అలవాటైతే నిజాయితీగల మెకానిక్ నిలబడతాడు. నోటిమాటతో గ్యాస్ నింపేవాడు తానే దారికి వస్తాడు.